ఆయిల్ మట్టిని ఇళ్ల మెరకకు తోలొద్దు

సంపాదకులకు నమస్కారం.

పోరంకి దగ్గర మేం కడుతున్న ఇంటికి పోయిన నెల మెరక తోలించాం. నాలుగో టిప్పర్ మట్టి దించగానే గుప్పుమని వాసన. నల్లగా ఉంది కదా, నల్లరేగడి అనుకున్నాడు మా మేస్త్రి. చేతిలోకి తీసుకుని నలిపితే వేళ్లకు జిడ్డు అంటుకుంది. ఏదో రిపేర్ షెడ్డులో, ఏళ్ల తరబడి కాలిన ఇంజిన్ ఆయిల్ తాగిన నేలను గీరి ఎత్తిన మట్టి అది. వెనక్కి పంపించేశాం గానీ అది ఇంకెవరి బేస్‌మెంట్‌లోకి వెళ్లిందో అన్న టెన్షన్ నాకింకా పోలేదు.

ఆయిల్ మట్టి రేణువుల చుట్టూ పొరలా పట్టేస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకోవు, జారిపోతాయి. బరువు మోసే శక్తి తగ్గి, కట్టాక నేల కుంగుతుంది. అంతకన్నా నాకు భయం బోరు నీళ్ల గురించి. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో అరిగిన లోహాల పొడి కూడా ఉంటుంది, అందుకే 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు దాన్ని ప్రమాదకర వ్యర్థం కిందే లెక్కేశాయి. పిల్లలు తాగే నీళ్ల పక్కన దాన్ని పూడ్చిపెడతామా?

అలాగని ఆటోనగర్ ఉన్న ఊళ్లో ఈ మట్టి పుట్టకుండా ఉండదు. దానికొక పని చూపించాలి. 1991 యుద్ధంలో కువైట్ ఎడారి చమురుతో తడిసిపోతే, ఆ ఇసుకను రోడ్ల పనికి వాడొచ్చా అని అక్కడి ఇంజినీర్లు పరీక్షలు చేశారు. మన దగ్గరా ఆయిల్ మట్టిలో ఏదైనా కలిపి గట్టిపరిచి రోడ్డుకు వాడొచ్చేమో చూడాలి. మన బంకమట్టికి సున్నం బాగా పనిచేస్తుంది, సిమెంటు ఉంది, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద పక్కనే ఉంది. కాకపోతే ఆయిల్ మరీ ఎక్కువైతే సిమెంటుకు నీళ్లు అందక అది సరిగా గట్టిపడదు, కాబట్టి ఎంత కలపాలన్నది కంటితో చూసి చెప్పేది కాదు. దిమ్మలు పోసి, 7 రోజులకు, 28 రోజులకు బలం చూడాలి, నీళ్లలో నానబెట్టి మళ్లీ చూడాలి, ఆ నానిన నీళ్లలోకి ఆయిల్, సీసం లాంటివి దిగుతున్నాయేమో తేల్చాలి. ఈ ఆఖరి పరీక్ష నెగ్గకపోతే ఎంత గట్టి దిమ్మ అయినా వాడకూడదు.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలు, మట్టి ల్యాబులు ఉన్నాయి. నగరపాలక సంస్థ, కాలుష్య నియంత్రణ మండలి ఒక కాలేజీకి ఈ పని అప్పజెప్పి, షెడ్ల మట్టిని ఒకేచోట పోగుచేయించి, పరీక్ష నెగ్గిన మిశ్రమంతో ముందు ఆటోనగర్ లోపలి రోడ్డే ఒక ముక్క వేసి చూడాలని నా మనవి. కాలవ గట్లకు, ఇళ్ల మధ్య రోడ్లకు మాత్రం వద్దు.

ఈలోగా మెరక తోలించుకునేవాళ్లు టిప్పర్ దించకముందే గుప్పెడు మట్టి బకెట్ నీళ్లలో వేసి కలపండి. పైన రంగురంగుల తెట్టు తేలితే ఆ బండిని లోపలికి రానివ్వకండి.

ఇట్లు,
ఒక చిన్న బిల్డర్,
కానూరు, విజయవాడ