ఇడ్లీ కొట్టు అక్కకు

1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగిన కొన్నాళ్లకే మా ఆయన్ని విచారణకు తీసుకెళ్లారు. మద్రాసులో, మా కోడంబాకం ఇంట్లో, బీరువాలో చీరల కింద తమిళ ఉత్తరాలు, అద్దె రసీదులు దొరికాయి. నాకు తమిళం మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఎవరికి చూపించను? మా తమ్ముడేమో భారత శాంతిసేనతో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లి, అక్కడ తమిళ పులులతో పోరాడి కుంటుతూ తిరిగొచ్చినవాడు!

స్టేషన్ ఎదుట ఇడ్లీలమ్మే అక్కా, మీ పేరైనా అడగలేదు నేను. పిండి చేతులు కొంగుకు తుడుచుకుని ఒక్కో కాగితం చదివి పెట్టారు. శ్రీలంకలో తమిళుల మీద జరిగిన 1983 అల్లర్ల తర్వాత పడవల్లో వచ్చిన కుర్రాళ్లకు మా ఆయన గది అద్దె కడుతున్నారట. మా పెళ్లైన ఏడాది నుంచీ! "ఆయుధాల మాటెక్కడా లేదమ్మా, అన్నీ మందుల లెక్కలే" అన్నారు. ఆయన్ని నేనింకా పూర్తిగా క్షమించలేదు, అది వేరే సంగతి. మీరు కట్టిచ్చిన నాలుగిడ్లీల డబ్బులు మాత్రం ఇంకా బాకీ. దండాలక్కా.