మోనోలో పుట్టిన రికార్డుకు స్టీరియో పేరు పెడితే ఎలా?

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ తొలి ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు) మీద వ్యాసం వచ్చి పది రోజులు దాటింది. సవరణ వేస్తారని రోజూ చూశాను. వేయలేదు. అందుకే ఈ ఉత్తరం.

‘ప్లీజ్ ప్లీజ్ మీ’ ఎల్పీ ‘అసలు స్టీరియో ప్రతి’ దొరికితే వదలొద్దని రాశారు. ఆ రికార్డుకు అసలు రూపం మోనో, అంటే గొంతులు, వాయిద్యాలు అన్నీ ఒకటిగా కలిపి వినిపించేది. కుడి, ఎడమ స్పీకర్లకు వేర్వేరుగా పంచేది స్టీరియో. 1963 మార్చి 22న పార్లోఫోన్ కంపెనీ పీఎంసీ 1202 నంబరుతో మోనోలోనే విడుదల చేసింది. పీసీఎస్ 3042 నంబరుతో స్టీరియో వచ్చింది నెల దాటాక, ఏప్రిల్ 26న. నాలుగు ట్రాకుల (టేపు మీద శబ్దాన్ని విడివిడిగా నింపే పట్టీల) మీద రికార్డు చేశారన్నదీ తప్పే. బీటిల్స్ చేతికి నాలుగు ట్రాకుల యంత్రం వచ్చింది అదే ఏడాది అక్టోబరులో. ఫిబ్రవరి 11న పొద్దున పదింటి నుంచి రాత్రి పదిన్నర దాటేదాకా పది పాటలు పాడినప్పుడు లండన్‌లో ఈఎంఐ రికార్డుల కంపెనీ స్టూడియోలో వాడింది రెండు ట్రాకుల టేపు. ఒక ట్రాకులో వాయిద్యాలు, రెండో దానిలో గొంతులు. కుడి చెవికొకటి, ఎడమ చెవికొకటి పంచుదామని అలా విడదీయలేదు. గొంతు ఎంత ఉండాలి, గిటారు ఎంత ఉండాలి అని తర్వాత తీరిగ్గా చూసుకుని రెండింటినీ ఒకటిగా కలపడానికి విడదీశారు. ఆ కలిపిందే మోనో. నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజినీరు నార్మన్ స్మిత్ దాని మీదే దృష్టి పెట్టారు.

స్టీరియో ప్రతి పెట్టి గొంతులున్న వైపు స్పీకరు తీగ పీకి చూడండి. గొంతులు దాదాపు మాయమై గిటార్లు, డ్రమ్ములే మిగులుతాయి. అదే ఎల్పీలోని ‘లవ్ మీ డూ’ పరిస్థితి ఇంకా అన్యాయం. 1962లో పాడిన ఆ పాటకు ట్రాకుల టేపు మిగల్లేదు, ఉన్నది అన్నీ కలిపేసిన తుది మోనో టేపే. దాన్నే బరువు స్వరాలు ఒక పక్కకు, సన్న స్వరాలు ఇంకో పక్కకు తోసి స్టీరియో అనిపించారు. ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ పాటలో అయితే స్టీరియో ప్రతిలో చివరి చరణం దగ్గర బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ మాట తడబడతాడు, వెనువెంటనే ‘కమాన్’ అనే చోట నవ్వు కూడా వినిపిస్తుంది. మోనోలో ఈ తడబాటు లేదు. మీ వ్యాసకర్త ఒక్కసారి విన్నా తెలిసేది.

‘లవ్ మీ డూ’ విడుదలైన వెంటనే అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరిందన్నారు. 1962 అక్టోబరు 5న బ్రిటన్‌లో వచ్చిన ఆ సింగిల్ (పక్కకొక పాట ఉండే చిన్న రికార్డు) అప్పట్లో అక్కడ 17వ స్థానం దాటలేదు. మొదటి స్థానం దక్కింది అమెరికాలో, 1964 మేలో. డ్రమ్ములు ఎల్పీలో కూడా బీటిల్స్ డ్రమ్మరు రింగోవేనన్నారు. ఎర్ర లేబుల్ సింగిల్‌లో ఉన్నది సెప్టెంబరు 4న రింగో వాయించిన ప్రతి. ఎల్పీలో ఉన్నది వారం తర్వాత ఆండీ వైట్ అనే బయటి డ్రమ్మరు వాయించినది. అందులో రింగో చేతిలో ఉన్నది టాంబురిన్ (కంజీర లాంటి వాయిద్యం) మాత్రమే. గుర్తుపట్టడం తేలిక. టాంబురిన్ వినిపిస్తే ఆండీ వైట్, వినిపించకపోతే రింగో.

ఇవి పాటలు వినేవాళ్ల పట్టింపులు అని మీరు అనుకోవచ్చు. డబ్బు నష్టం కూడా ఉంది. మీ కటింగ్ చూపించి స్టీరియో ప్రతికి ‘ఒరిజినల్’ అని ఎక్కువ ధర అడిగేవాళ్లు ఉంటారు. కొనేవాళ్లు అట్ట మీద రాత నమ్మొద్దు. రికార్డు లోపలి అంచున, లేబుల్ చుట్టూ పాట లేని నున్నటి చోట చెక్కిన అక్షరాలు వెలుతురుకు వంచి చూడాలి. ఎక్స్‌ఈఎక్స్ అని ఉంటే మోనో, వైఈఎక్స్ అని ఉంటే స్టీరియో. మొట్టమొదటి ప్రతుల లేబుల్ నలుపు మీద బంగారు రంగు. పసుపు, నలుపు లేబుల్ తర్వాతిది.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది పక్కన వేసిన చిట్కాల డబ్బా. ‘పాత ప్లేట్లు ఏవైనా స్పిరిట్‌తో తుడవండి’ అట! వినైల్ ఎల్పీని బాగా నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పరవాలేదు. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేట్లు లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది. గాడి చెరిగాక పాట తిరిగి రాదు. వాటికి మామూలు నీళ్లు, ఒక చుక్క మెత్తటి సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. లేబుల్ తడవకూడదు. ఇంగ్లండులో 78లు ఆగిపోయాక కూడా మన దేశంలో కరెంటు లేని ఇళ్ల కోసం, కీ తిప్పే గ్రామఫోన్ల కోసం కలకత్తా దగ్గరి డమ్ డమ్ ఫ్యాక్టరీలో బీటిల్స్ పాటలను 78ల మీద అచ్చేశారు. ప్రపంచంలో సేకరించేవాళ్లంతా వెతికే ప్లేట్లవి. మీ చిట్కా చదివి ఎవరైనా వాటి మీద స్పిరిట్ పోసి ఉంటే ఎవరు జవాబుదారీ?

రికార్డు గాడిలో నడిచే ముల్లు సంగతీ అంతే, ‘ఏ ముల్లయినా ఒకటే’ అని రాశారు. 78కి కొన వ్యాసార్ధం దాదాపు 3 మిల్ ఉన్న ముల్లు కావాలి. మోనో ఎల్పీకి 1 మిల్, స్టీరియోకి 0.7 మిల్. అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్. సన్నటి ముల్లు 78 గాడి అడుగుకు దిగి అక్కడి మట్టినే చదువుతుంది. పాత మోనో ప్లేయరు ముల్లు పక్కలకే కదులుతుంది, పైకీ కిందికీ కదలదు. దాని కింద స్టీరియో రికార్డు పెడితే గాడి గోడలు అరిగిపోతాయి. మోనో ఎల్పీని ఇప్పటి స్టీరియో ముల్లుతో నిర్భయంగా వినొచ్చు. ఆంప్లిఫయరులో మోనో బటన్ నొక్కితే గరగర కూడా చాలావరకు తగ్గుతుంది.

ఒకప్పుడు పత్రికల్లో వ్యాసం అచ్చుకు వెళ్లేముందు ఇద్దరు ముగ్గురు చూసేవారు. తప్పు దొర్లితే మర్నాడే ‘సవరణ’ వచ్చేది. ఇప్పుడు నెట్‌లో ఒకరు రాసిన తప్పును ఇంకొకరు ఎత్తి రాస్తున్నారు, అది అచ్చయ్యాక ‘పత్రికలో వచ్చింది’ అని నిజమైపోతోంది. మన పాత సినిమా పాటలకూ ఇదే గతి పట్టింది. మోనోలో రికార్డయిన పాటలకు కొత్త దరువు, ప్రతిధ్వని అతికించి స్టీరియో అని వదులుతుంటే, అసలు పాట ఎలా ఉండేదో కొత్త పిల్లలకు ఎలా తెలుస్తుంది?

దయచేసి ఈ సవరణలు అదే అనుబంధంలో, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. మిగతావి ఆలస్యమైనా స్పిరిట్ చిట్కా తప్పని మాత్రం రేపటి పత్రికలోనే వేయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ