దసరాకి ఎందుకు రాలేనంటే

కెత్సాల్తెనాంగో, గ్వాటెమాల
ఆగస్టు 20

నాన్నగారికి,

నమస్కారాలు. నేను ఇక్కడ కులాసా. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గిందని అన్నయ్య చెప్పాడు, మనసు కుదుటపడింది. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ "ఎప్పుడొస్తున్నావే" అని అడుగుతోంది. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఇలా రాస్తున్నాను. ఈ దసరాకి నేను రాను. ఇక్కడ బడి సంవత్సరం జనవరిలో మొదలై అక్టోబరులో ముగుస్తుంది. అది అయ్యేదాకా ఉండి నవంబరులో బయల్దేరతాను. అమ్మకి మీరే నచ్చజెప్పాలి. సీతంపేటలో అన్నేళ్ళు సవర గిరిజన పిల్లలకి లెక్కలు చెప్పారు కాబట్టి నా కారణం మీకు తెలుస్తుంది.

ఈ ఊరిని అందరూ షేలా అంటారు. ఎత్తు దాదాపు 2,300 మీటర్లు, అందుకే ఆగస్టులోనూ స్వెట్టర్ తియ్యను. పొద్దున్నే మబ్బు లేకపోతే సాంతా మరీయా అగ్నిపర్వతం శిఖరం కనిపిస్తుంది. 1902లో పెద్ద ఎత్తున పేలింది అదే. దాని వెనక ఇంకొకటి ఇప్పటికీ పొగ కక్కుతూ ఉంటుంది. టీవీలో చూసి టెన్షన్ పడకండి, అది ఊరికి అవతలి పక్క.

స్పానిష్ నేర్పే బళ్ళు ఇక్కడ బోలెడు, నేనూ ఒకదాంట్లో నేర్చుకుంటున్నాను. ఒక టీచరుకి ఒకే విద్యార్థి. చిన్న బల్లకి అటూ ఇటూ కూర్చుని పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా మాట్లాడుతూనే ఉండాలి, పక్కవాళ్ళు జవాబు చెబుతారులే అనుకోవడానికి వీల్లేదు. మనకి ఉచ్చారణలో కష్టం లేదు. త, ద మన లాగే పలుకుతారు, అచ్చులు కూడా స్పష్టంగా మన వాటిలాగే ఉంటాయి. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు వాటికే తంటాలు పడుతున్నారు. భూతకాలం రెండు రకాలు. "వెళ్ళాను", "వెళ్ళేదాన్ని" తేడా తెలిసినవాళ్ళకి అదీ సులువే. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం అని గుర్తుపెట్టుకోవడం మాత్రం కంఠతా వ్యవహారమే.

మధ్యాహ్నం నుంచి ఊరి అంచున ఒక చిన్న సంస్థలో పిల్లలకి హోంవర్క్ చేయిస్తాను. ఇక్కడివాళ్ళే నడుపుతున్నారు. పిల్లలు పొద్దున సర్కారు బడికి వెళ్ళి, తర్వాత మా దగ్గరికి వస్తారు. వీళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది కిచే, కొందరిది మామ్. రెండూ ఇక్కడి ఆదివాసులైన మాయా ప్రజల భాషలు. ఈ దేశంలో మాయా భాషలే 22 ఉన్నాయి. బళ్ళో మాత్రం ఎక్కువగా స్పానిషే.

పోయిన వారం ఏం జరిగిందో చెబుతాను. పదేళ్ళ పిల్లాడు, వాళ్ళమ్మ బజారులో కూరగాయలు అమ్ముతుంది. పుస్తకంలో లెక్క ఇది: ఒకామె 48 క్యారెట్ కట్టలు బజారుకి తీసుకెళ్ళింది, సాయంత్రానికి 19 మిగిలాయి, ఎన్ని అమ్మింది? వాడు రెండు అంకెలూ చూసి కూడి 67 అని రాశాడు. స్పానిష్‌లో నెమ్మదిగా మళ్ళీ చదివాను. బిక్కమొహం వేసుకుని చూశాడు. పక్కన కూర్చున్న పెద్దపిల్ల కిచేలో ఒక్క వాక్యం చెప్పింది. అంతే, కాగితం కూడా చూడకుండా 29 అన్నాడు! రోజూ సాయంత్రం వాళ్ళమ్మ బుట్ట దగ్గర చేసే లెక్కే కదా. తర్వాత నాకు చూపించడానికి అదే అంకెని మాయా పద్ధతిలో వేశాడు: పైన ఒక చుక్క, కింద ఒక గీత, గీత మీద నాలుగు చుక్కలు. చుక్క అంటే ఒకటి, గీత అంటే ఐదు, గవ్వలాంటి బొమ్మ సున్నా. ఇరవై నిండితే పై వరుసలో ఒక చుక్క. మీరు చూసి ఉంటే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సాయంత్రం దాకా వదిలేవారు కాదు.

వాడికి లెక్కలు రావని బళ్ళో పేరు పడిపోయింది. అది చాలా అన్యాయం నాన్నగారూ. మీరు చెప్పేవారు, మొదటి తరగతి పిల్లలు నోరు విప్పకపోతే మొద్దులని రాసేసేవారని, మీరు నాలుగు సవర మాటలు పట్టుకున్నాకే వాళ్ళు మీ దగ్గరికి చేరారని. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర నేర్చుకుని వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారని మీరు చెబుతుంటే చిన్నప్పుడు ఏదో కథలా వినేదాన్ని.

ఇక్కడికి వారం, పది రోజులకి వచ్చే వాలంటీర్లు చాలామంది. మంచి మనసుతోనే వస్తారు. కానీ పిల్లల పేర్లు నోటికి వచ్చేసరికి వెళ్ళే రోజు వచ్చేస్తుంది. ఆ పిల్లలు మళ్ళీ కొత్త మొహానికి అలవాటు పడాలి. ఏ పిల్లకి ఏ మాట దగ్గర ఆగిపోతుందో నాకిప్పుడిప్పుడే తెలుస్తోంది. వార్షిక పరీక్షలకి ముందు వదిలేసి వస్తే ఇన్నాళ్ళ పని సగంలో ఆగిపోతుంది. మా స్పానిష్ టీచరుతో మాట్లాడుకుని, వారానికి కొన్ని గంటలు లెక్కల పుస్తకంలోని స్పానిష్ మీదే పెట్టాం. కిచే మాటలు ఆ పెద్దపిల్ల దగ్గర నేర్చుకుంటున్నాను.

తిండికి లోటు లేదని అమ్మకి చెప్పండి. నేనుండే ఇంటావిడ మొక్కజొన్నలు సున్నపు నీళ్ళలో ఉడికించి, కడిగి, మరకి పంపి పిండి పట్టిస్తుంది. అరచేతుల మధ్య చప్పట్లు కొడుతూ తోర్తియాలు అనే రొట్టెలు చేసి పెనం మీద వేస్తుంది. నల్ల చిక్కుడు గింజలతో వేడివేడిగా తింటాను. కారం చాలకపోతే మన గోంగూర పచ్చడి ఉండనే ఉంది. ఆవిడా రుచి చూసి ఇంకొంచెం వేసుకుంది. వీసా పని కూడా చూసుకున్నాను.

వచ్చే వారం భిన్నాలు మొదలుపెడుతున్నాం. పుస్తకంలో పిజ్జా ముక్కల బొమ్మలున్నాయి, వీళ్ళలో పిజ్జా తిన్నవాళ్ళు తక్కువ. సీతంపేటలో మీరు దేంతో మొదలుపెట్టేవారు? వస్తువులతోనా, మడత పెట్టిన కాగితంతోనా? సగం, పావు అయ్యాక మూడోవంతుకి ఎలా వెళ్ళేవారు? వివరంగా రాసి, అన్నయ్య చేత ఫోటో తీయించి ఆదివారంలోగా పంపించండి.

మీ అమ్మాయి