శాలువాలు సరే, ఉద్యోగాల కబురు కూడా తీసుకురండి

సంపాదకుల వారికి,
అయ్యా,

సంక్రాంతి వస్తోందంటే మన గోదావరి జిల్లాల కళాశాలల్లో పూర్వ విద్యార్థుల సమ్మేళనాల సందడి మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, అమెరికా నుంచి పండక్కి వచ్చినవారు ఒక పూట కళాశాలలో గడుపుతారు. పాత గురువులకు శాలువాలు కప్పుతారు, తరగతి గదులకు విరాళాలు ప్రకటిస్తారు. అభినందించవలసిన పనే. అయితే ఆ పందిట్లో కుర్చీలు సర్దుతూ, మంచినీళ్లు అందిస్తూ తిరిగేది ఆఖరి సంవత్సరం పిల్లలు. నాలుగు నెలలు తిరిగేసరికి ఉద్యోగం వెతుక్కోవలసినవారు. "ఏ గ్రూపు అమ్మా, తరువాత ఏం చేద్దామనుకుంటున్నావు?" అని వాళ్లను పలకరించేవారు మాత్రం అరుదు. డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఇది ఏటా మనసును కలచివేసే విషయం.

పూర్వ విద్యార్థుల పరిచయాల వల్ల నిజంగా ఉద్యోగాలు వస్తాయా అని సందేహించేవారున్నారు. వస్తాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఖాళీ ఏర్పడితే తెలిసినవారెవరైనా ఉంటే చెప్పమని ముందు తమ ఉద్యోగులనే అడగడం మామూలు. 1946లో పుట్టి నేడు జేఎన్‌టీయూ కాకినాడలో భాగమైన ఇంజనీరింగ్ కళాశాల వంటి చోట చదివినవారికి ఏ నగరానికి వెళ్లినా పలకరించే సీనియర్ ఉంటాడు. రాజోలులోనో రామచంద్రపురంలోనో బీఎస్సీ చదివి, ఇంట్లో తొలిసారి డిగ్రీ పట్టా అందుకునే అమ్మాయికి ఎవరున్నారు? బంధువులంతా వరి, కొబ్బరి, రొయ్యల మీద బతికేవారు. వారికి ఏ కంపెనీ తలుపు ఎక్కడుందో తెలిసే అవకాశమే లేదు.

అమెరికా సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే ఈ సంగతి గమనించారు. ఉద్యోగం కబురు ఆప్తుల కంటే అప్పుడప్పుడు కలిసే పరిచయస్తుల ద్వారానే ఎక్కువగా అందుతుందని ఆయన చెప్పారు. మన దగ్గరివారికి తెలిసినది చాలావరకు మనకూ తెలిసినదే కదా. మన ప్రాంతంలో సాయం ఎక్కువగా ఊరు, కులం, బంధుత్వం వెంబడే నడుస్తుంది. ఆ గీతలు దాటి పిల్లలను కలిపిన చోటు కళాశాల బెంచీ ఒక్కటే. ఆ పరిచయాన్ని పోగొట్టుకోవడం అన్యాయం.

సాయమంటే సిఫారసు అనుకోనక్కర్లేదు. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి తన బయోడేటాలో ఎక్కడి నుంచో ఎత్తిరాసిన నాలుగు గొప్ప వాక్యాలు పెట్టుకుంది. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ నాణ్యత విభాగంలో పనిచేస్తున్న పాత విద్యార్థిని ఆమెతో అరగంట ఫోనులో మాట్లాడి అవన్నీ తీసేయించింది. ప్రయోగశాలలో ఏ టైట్రేషన్లు చేసింది, స్పెక్ట్రోఫోటోమీటరు మీద పనిచేసిందా, రికార్డు ఎలా రాసింది, ఇవి రాయించింది. ఉద్యోగం ఇప్పిస్తానని మాట ఇవ్వలేదు. ఇంటర్వ్యూకు పిలుపు మాత్రం వచ్చింది. గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు చదివేవారికి మార్కులు ఎవరూ వేయించలేరు, వేయించకూడదు కూడా. కానీ ఏం చదవాలో, ఎన్నాళ్లు ఆగాలో నిజాయితీగా చెప్పే అక్కో అన్నో ఉంటే ఏళ్లు వృథా కావు.

దూరపు నగరాల సంగతి అలా ఉంచండి. భీమవరం చుట్టుపక్కల చెరువు నీరు, రొయ్యల పరీక్ష చేసే ల్యాబులున్నాయి, రొయ్యల శుద్ధి కర్మాగారాలున్నాయి, కాకినాడలో ఎరువుల కర్మాగారం ఉంది. చిన్న ల్యాబు నడిపేవారు ప్రాంగణ నియామకాలకు రారు. "మంచి కుర్రాడెవరైనా ఉన్నాడా?" అని నోటిమాటగా అడిగి పెట్టుకుంటారు. ఆ మాట మన కళాశాల దాకా చేరాలంటే ఆ ల్యాబులో మన పాత విద్యార్థి ఎవరున్నారో కళాశాలకు తెలిసి ఉండాలి. ఆ జాబితా ఎక్కడుంది?

కళాశాలల నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థ నాక్ మూల్యాంకనంలోనూ పూర్వ విద్యార్థుల పాత్రకు ఒక శీర్షిక ఉంది. రిజిస్టరైన సంఘం ఉందా, ఆర్థికంగానో మరో విధంగానో ఏం తోడ్పడింది అని అందులో అడుగుతారు. ఆ 'మరో విధం' కింద ఎందరు పిల్లలకు దారి చూపారో రాసుకునే కళాశాలలు ఉండాలి. విరాళాల మొత్తం రాసి సరిపెట్టుకోవడం సులువే. అయితే గోడ మీద చలువరాతి ఫలకంలో పేరు చెక్కించినంత శ్రద్ధ, పట్టా తీసుకుని గేటు దాటే పిల్లల మీద కూడా పెట్టవద్దా?

అప్పటి ఉభయ గోదావరి జిల్లాల డిగ్రీ కళాశాలలకు అనుబంధ విశ్వవిద్యాలయంగా 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. చిన్న కళాశాలలు విడివిడిగా చేయలేని పనిని అది చేపట్టాలని కోరుతున్నాను. ఏ కోర్సు చదివినవారు ఏ ఊళ్లో, ఏ పనిలో ఉన్నారో వారి అనుమతితో ఉమ్మడి జాబితా తయారుచేయాలి. ఫోను నంబర్లు అందరికీ పంచకుండా ఒక అధ్యాపకుడి ద్వారానే పరిచయం జరగాలి. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఈ జాగ్రత్త తప్పనిసరి.

ప్రిన్సిపాళ్లకు నా మనవి ఒక్కటే. ఈ సంక్రాంతి సమ్మేళనంలో సన్మానాలకు ముందు రెండు గంటలు ఆఖరి సంవత్సరం పిల్లలకు కేటాయించండి. ల్యాబుల్లో ఉన్నవారిని ఒకచోట, బ్యాంకుల్లో ఉన్నవారిని ఒకచోట, ఉపాధ్యాయులను మరోచోట కూర్చోబెట్టి, పిల్లలను వారి ఎదుట కూర్చోనివ్వండి. మంచినీళ్లు మేము, విశ్రాంత అధ్యాపకులం, అందిస్తాం.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, కోనసీమ