ఆనవాయితీని కాగితం మీద పెట్టించండి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం.

నేను 22 ఏళ్లుగా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నాను. అందులో మూడేళ్లు శాఖాధిపతిగా పనిచేశాను. ఈ లేఖ జీతాల పెంపు కోసమో, ఖాళీల భర్తీ కోసమో కాదు. వాటి మీద మీకు వినతిపత్రాలు చాలానే వచ్చి ఉంటాయి. నేను అడిగేది ఖజానాకు భారం కాని పని. ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ప్రతి శాఖ తన పనిపద్ధతులను అధ్యాపకులందరితో కలిసి రాసుకోవాలని, రాసుకున్నదాన్ని ఎవరైనా చదవగలిగేలా బయట పెట్టాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఇంత చిన్న విషయానికి మంత్రి దాకా రావాలా అని మీకు అనిపించవచ్చు. ఎందుకు రావలసి వచ్చిందో చెబుతాను.

విశ్వవిద్యాలయంలో రాసి ఉన్న నియమాలకు కొదవ లేదు. చట్టం ఉంది, దాని కింద నిబంధనలున్నాయి, రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి సర్క్యులర్లు వస్తూనే ఉంటాయి. ఉదయం ఎన్ని గంటలకు సంతకం పెట్టాలో, సెలవు చీటీ ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో, మార్కుల జాబితా ఏ తేదీలోగా అందజేయాలో అన్నీ అక్షరాల్లో ఉన్నాయి. అధ్యాపకుల రోజువారీ బతుకును నిర్ణయించే సంగతులు మాత్రం వాటిలో ఎక్కడా కనబడవు. ఏ కోర్సు ఎవరికి ఇస్తారు? పరిశోధక విద్యార్థులను ఎలా పంచుతారు? సదస్సుకు వెళ్లడానికి ఉన్న కొద్దిపాటి నిధులు ముందు ఎవరికి? ప్రొబేషన్ ముగిసేటప్పుడు దేన్ని చూసి ఉద్యోగం ఖరారు చేస్తారు? వీటన్నిటికీ మా శాఖల్లో వినబడే జవాబు ఒక్కటే: "ఇక్కడి ఆనవాయితీ అది." మేము సంస్థకు చేయవలసినవన్నీ రాతలో ఉన్నాయి. సంస్థ మాకు చేయవలసినవి నోటిమాటగా ఉండిపోయాయి.

కొన్నేళ్ల కిందటి మాట. మా శాఖలో కొత్తగా ఒక సహాయ ఆచార్యురాలు చేరింది. తరగతులు మొదలవడానికి రెండు రోజుల ముందు శాఖాధిపతి గది బయట బోర్డు మీద టైం టేబుల్ అంటించారు. అచ్చు తీసిన కాగితమే, కానీ నిండా పెన్సిల్ దిద్దుబాట్లు. ఆమెకు మూడు కోర్సులు ఇచ్చారు, మూడూ ఆమె అంతకు ముందెన్నడూ చెప్పనివే. వారంలో నాలుగు రోజులు ఉదయం 8 గంటల తరగతి, అవే రోజుల్లో సాయంత్రం 4 గంటల తరగతి. ఒక గడిలో ఒక సీనియర్ ఆచార్యుడి పేరు కొట్టేసి దాని మీద ఈమె పేరు రాశారు. ఆ కొట్టివేత కింద పాత పేరు స్పష్టంగా కనబడుతూనే ఉంది. ఆమె లోపలికి వెళ్లి మర్యాదగానే అడిగింది: "సార్, ఏ పద్ధతి ప్రకారం ఇచ్చారో ఎక్కడైనా రాసి ఉందా?" ఆయన కోప్పడలేదు. "కొత్తగా వచ్చినవాళ్లకు ఇలాగే ఇస్తామమ్మా, మేమూ ఇలా చేసి వచ్చినవాళ్లమే" అన్నారు. అది నిజమే. ఆయనా చేశారు, నేనూ చేశాను.

ఏడాది తర్వాత ఆమె ప్రొబేషన్ విషయం కమిటీ ముందుకు వచ్చింది. విద్యార్థులు ఆమె బోధన గురించి మంచిగానే రాశారు. ఒక పరిశోధన పత్రం అచ్చయింది. అయినా నివేదికలో "సర్దుకుపోయే స్వభావం తక్కువ" అన్న మాట ఒకటి ఎక్కింది. ఖరారు ఆరు నెలలు వాయిదా పడింది. టైం టేబుల్ గురించి అడిగిన ఆ ఒక్క ప్రశ్న తప్ప ఆ మాటకు వేరే ఆధారం లేదని ఆ గదిలో కూర్చున్న అందరికీ తెలుసు. నేనూ ఆ గదిలో ఉన్నాను. నోరు మెదపలేదు. వేటిని చూసి ఖరారు చేయాలో ముందే రాసిపెట్టి ఉంటే, ఆ వాక్యం కొట్టేయండి అని అడగడానికి నా చేతిలో ఒక కాగితం ఉండేది. కాగితం లేని చోట ధైర్యం కావాలి. ఆ రోజు నాకు అది లేకపోయింది. మరుసటి ఏడాది ఆమె వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది.

రాతలో పెట్టండి అని అడగడం నేను కొత్తగా కనిపెట్టిన కోరిక కాదు. అమెరికా విశ్వవిద్యాలయాల అధ్యాపకుల సంఘం, అక్కడి కళాశాలల సంఘం కలిసి 1940లో ఒక సూత్రాల ప్రకటన చేశాయి. ప్రతి నియామకానికీ సంబంధించిన షరతులన్నీ రాతలో ఉండాలని, నియామకం పూర్తికాకముందే అవి సంస్థ దగ్గరా అధ్యాపకుడి దగ్గరా ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. 1997 నవంబరు 11న యునెస్కో సర్వసభ్య సమావేశం ఉన్నత విద్యలో బోధించేవారి హోదా మీద ఒక సిఫారసును ఆమోదించింది. పనిభారం న్యాయంగా, సమంగా ఉండాలని అది చెబుతుంది. ఎవరి మీదైనా క్రమశిక్షణ చర్య తీసుకోవాలంటే ఆరోపణలను ముందుగా రాతపూర్వకంగా ఇవ్వాలని, జవాబు సిద్ధం చేసుకోవడానికి తగిన వ్యవధి ఉండాలని, తన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకునే వీలు, అప్పీలు చేసుకునే వీలు ఉండాలని చెబుతుంది. అది సిఫారసు మాత్రమే, ప్రభుత్వాలను చట్టబద్ధంగా కట్టడి చేసే ఒడంబడిక కాదు. అందుకే దానికి ప్రాణం పోయడం మీలాంటివారి చేతుల్లో ఉంది.

పనిభారం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే శాఖలో మనసులు విరిగేది ఎక్కువగా అక్కడే. కాగితం మీద లెక్క తరగతి గంటల్లో ఉంటుంది. ఇద్దరు అధ్యాపకులకు తలా రెండు కోర్సులు ఇస్తే పని సమంగా పంచినట్టే కనబడుతుంది. కానీ ఒకరి తరగతిలో 25 మంది, మరొకరి తరగతిలో 120 మంది ఉంటే? ఒక్కో జవాబు పత్రానికి 15 నిమిషాలు వేసుకున్నా 120 పత్రాలు దిద్దడానికి 30 గంటలు పడుతుంది. మొదటివారికి ఆరుంబావు గంటల్లో పని అయిపోతుంది. ఇది ఒక్క పరీక్షకే. పదేళ్లుగా చెబుతున్న పాఠానికీ ఈ ఏడు మొదటిసారి చెబుతున్న పాఠానికీ తయారీలో ఎంత తేడా ఉంటుందో పాఠం చెప్పిన ఎవరినడిగినా చెబుతారు. ఇక పరీక్షల సమన్వయం, ప్రవేశాల కమిటీ, ప్రమాణాలు చూసి గుర్తింపు ఇచ్చే బృందం వస్తుందంటే నివేదికలు రాయడం, దిగులుతో గది తలుపు తట్టే విద్యార్థి దగ్గర గంటసేపు కూర్చోవడం. ఇవేవీ లెక్కలోకి రావు. లెక్కలోకి రాని పని ఎప్పుడూ కాదనలేని వాళ్ల మీదే పడుతుంది: కొత్తవాళ్ల మీద, తాత్కాలికంగా పనిచేసేవాళ్ల మీద, చాలా చోట్ల మహిళల మీద. పదోన్నతి సమయానికి అదే లెక్కకు రాని పని చేసినవాళ్లు, ప్రచురణలు తక్కువని వెనకబడిపోతారు.

తాత్కాలిక అధ్యాపకుల విషయం ఇంకా బాధ కలిగిస్తుంది. తొమ్మిదేళ్లుగా ఒకే శాఖలో, టర్ము టర్ముకూ కొత్త ఒప్పందంతో పనిచేస్తున్న ఒకాయన నాకు తెలుసు. వచ్చే టర్ములో తరగతులున్నాయో లేవో ఆయనకు ఫోనులో చెబుతారు, అదీ తరగతులకు వారం ముందు. ఒప్పందం ఆఖరి తరగతి రోజుతో ముగుస్తుంది. ఆ సాయంత్రమే గ్రంథాలయం కార్డు పనిచేయడం మానేస్తుంది. పరీక్షలు మాత్రం ఆ తర్వాతే. పత్రాలు దిద్దేది ఆయనే, అనుమానాలు తీర్చమని వచ్చే విద్యార్థులకు జవాబు చెప్పేదీ ఆయనే. కార్డు లేక, తాను బోధించిన పుస్తకాన్ని ఒక విద్యార్థి పేరు మీద తెప్పించుకుని ప్రశ్నపత్రం తయారుచేస్తుంటే ఒకసారి చూశాను. శాఖ సమావేశాలకు ఆయనను పిలవరు. పిలవకూడదని ఏ నియమమూ లేదు. పిలవాలని కూడా లేదు. క్రమం తప్పకుండా పార్ట్‌టైంగా పనిచేసేవారికి దామాషాలో పూర్తికాలం వారితో సమానమైన వేతనం, అవే మౌలిక పని పరిస్థితులు ఉండాలని నేను పైన చెప్పిన 1997 సిఫారసులోనే ఉంది.

ఫిర్యాదుల సంగతి క్లుప్తంగా చెబుతాను, మీకు తెలియనిది కాదు. శాఖాధిపతి మీద ఫిర్యాదు ఇస్తే అది పైకి వెళ్లి, "నివేదిక కోరడమైనది" అన్న ముద్రతో మళ్లీ ఆ శాఖాధిపతి బల్ల మీదకే వస్తుంది. అలా వచ్చిన కాగితం నేను శాఖాధిపతిగా ఉన్నప్పుడు నా బల్ల మీదకూ వచ్చింది. నా మీద వచ్చిన ఫిర్యాదుకు నేనే నివేదిక రాయాలి! పని ప్రదేశంలో హింస, వేధింపులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒడంబడిక, ఫిర్యాదు చేసినవారి మీద కక్షసాధింపు జరగకుండా రక్షణ ఉండాలంటుంది. ఒప్పందం ఏ రకమైనదైనా సరే, పనిచేసే మనిషికల్లా ఆ రక్షణ వర్తిస్తుందంటుంది. ఫిర్యాదు ఎవరి మీదనో వారి చేతికే కాగితం పంపే పద్ధతి ఉన్నంతకాలం ఆ మాటలకు అర్థం లేదు.

పరిశోధన పత్రాల మీద రచయితలుగా ఎవరి పేర్లు ఉండాలన్నది కూడా ఇలా ఆనవాయితీకే వదిలేసిన సంగతి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ దీనికి నాలుగు షరతులు పెట్టింది: పనిలో గణనీయమైన పాత్ర, రాయడంలోనో సవరించడంలోనో భాగం, తుది ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీ. నాలుగూ ఉన్నవారే రచయితలు. ఆ నాలుగు వాక్యాలు గోడ మీద అంటించినా యువ పరిశోధకులకు కొంత ఊపిరి ఆడుతుంది.

ఇక మీ దగ్గరకు ఎందుకు వచ్చానో చెప్పాలి. శాఖాధిపతిగా నా చివరి ఏడాదిలో మేము ఈ పని చేసి చూశాం. తాత్కాలిక అధ్యాపకులతో సహా అందరం కూర్చున్నాం. మొదటి సమావేశం నాలుగు గంటలు నడిచింది, ఉదయం 8 గంటల తరగతి వంతులవారీగా వేయాలా వద్దా అన్న ఒక్క వాక్యం మీదే. కొందరు సీనియర్లు నొచ్చుకున్నారు. "ఇన్నాళ్లూ నమ్మకంతో నడిచాం, ఇప్పుడు కాగితాలా?" అని ఒకరు బాధపడ్డారు. ఆయనంటే నాకు గౌరవం, ఆయన బాధ నిజమైనది. కానీ ఆ నమ్మకం ఆయన తరం వాళ్ల మధ్య ఉన్నది. కొత్తగా వచ్చిన మనిషికి అందులో చోటు లేదు. చివరకు ఆరు సమావేశాల్లో 11 పేజీలు తయారయ్యాయి. ఒక టర్ము ఆ ప్రకారమే నడిచింది. టైం టేబుల్ మూడు వారాల ముందే వచ్చింది, ఎవరికి ఏది ఎందుకు ఇచ్చామో పక్కన ఒక్కో వాక్యం రాశాం. ఆ టర్ములో నా గదికి వచ్చి గొడవపడినవారు ఒక్కరూ లేరు.

తర్వాత నా పదవీకాలం ముగిసింది. కొత్తగా బాధ్యత తీసుకున్నవారు ఆ పేజీలను బీరువాలో పెట్టారు. "పై నుంచి ఆదేశం ఏదీ లేదు కదా" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, ఆదేశం నిజంగానే లేదు. ఒక మనిషి మంచితనం మీద నిలబడిన పద్ధతి ఆ మనిషి కుర్చీ దిగగానే పోతుంది. అందుకే ఈ లేఖ మీకు.

ప్రభుత్వం వేలు పెడితే విశ్వవిద్యాలయాల స్వయంప్రతిపత్తి ఏమవుతుందని నా సహోద్యోగులే కొందరు అడుగుతారు. ఆ భయం నాకూ ఉంది. కాబట్టి నియమాలు మీరు రాయవద్దని వేడుకుంటున్నాను. రాజధానిలో కూర్చుని ఒకే నమూనా తయారుచేసి అన్ని శాఖలకూ పంపితే అది మరో సర్క్యులర్ అవుతుంది. ప్రయోగశాలలున్న శాఖ అవసరాలు వేరు, సాహిత్య శాఖ అవసరాలు వేరు. మీరు అడగవలసింది ఇంతే: శాఖ తన పద్ధతులు రాసుకుందా, రాసేటప్పుడు తాత్కాలికంగా పనిచేసేవారు కూడా ఆ గదిలో ఉన్నారా, కొత్తగా చేరేవారి చేతికి నియామక పత్రంతోపాటు ఆ ప్రతి అందుతోందా, దాన్ని పక్కనపెట్టి తీసుకున్న నిర్ణయానికి కారణం రాతలో ఇస్తున్నారా, ఆ కారణం నచ్చకపోతే శాఖ బయట వినే వేదిక ఒకటి ఉందా. రెండేళ్లకోసారి తిరిగి చూసుకునే వీలు కూడా ఉండాలి, లేకపోతే ఈ కాగితమే కొత్త ఆనవాయితీ అయి కూర్చుంటుంది.

ఇంకొక్క మనవి. ఉత్తర్వు ఇచ్చేటట్టయితే వచ్చే టర్ము టైం టేబుళ్లు బోర్డుల మీదికి ఎక్కకముందే ఇవ్వండి. మేము రాసుకున్న 11 పేజీల నకలు నా దగ్గర ఉంది. అందులో లోపాలున్నాయి, పరిశోధక విద్యార్థుల పంపకం గురించి మేము ఒక అభిప్రాయానికి రాలేక ఆ పేజీని సగంలో వదిలేశాం. ఆ సగం పేజీతో సహా మీ కార్యాలయానికి పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయురాలు,
ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు