ఇంజను స్టార్ట్ చేయించి చూడండి, మంత్రిగారూ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. గోదావరి జిల్లాల్లోని ఓ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. బీటెక్ మెకానికల్, ఎంటెక్ థర్మల్. పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను.

నా పరిశోధన కానుగ నూనె మీద. రోడ్ల పక్కన, చేలగట్ల మీద మనకు కనిపించే కానుగే. ఆ నూనె డీజిల్ కన్నా బాగా చిక్కన. నేరుగా పోసి నడిపితే కొన్నాళ్లకు ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు మసిపట్టి పూడుకుపోతాయి. అందుకే మిథనాల్, కొద్దిగా పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి వేడిచేసి తేర్చాలి. గ్లిజరిన్ అడుక్కి దిగుతుంది, పైన బయోడీజిల్ తేలుతుంది. దాన్ని డీజిల్‌లో 20 శాతం కలిపితే పొగ తగ్గుతుంది కానీ, నైట్రోజన్ ఆక్సైడ్లనే హానికర వాయువులు కాస్త పెరుగుతాయి. పొగగొట్టంలోంచి వచ్చే వాయువును కొంత తిరిగి ఇంజనులోకి పంపితే అవి అదుపులోకొస్తాయి, పొగ మళ్లీ మొదలవుతుంది. ఈ రెండింటికీ మధ్య సరైన పాళ్లు పట్టుకోవడమే నా పని.

దానికి ఇంజను నడవాలి కదా! మా ల్యాబులో 5 హార్స్‌పవర్ సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజను ఉంది. లోడు వేసి, బ్యూరెట్‌లో, అంటే కొలత గీతలున్న గాజు గొట్టంలో, 10 సీసీ డీజిల్ ఎన్ని సెకన్లలో దిగుతుందో స్టాప్‌వాచ్‌తో చూడాలి. లోడు పెంచేకొద్దీ ఆ సెకన్లు తగ్గడం ఒక్కసారి కళ్లారా చూసిన కుర్రాడికి బోర్డు మీద ఫార్ములా మళ్లీ చెప్పక్కర్లేదు. కానీ ఇంజన్ని చల్లబరిచే నీళ్ల పంపు కాలిపోయింది, డీజిల్ బిల్లు పాసవదు. పిల్లలు సీనియర్ల రికార్డుల్లోంచి రీడింగులు దించేసుకుంటున్నారు. తనిఖీ కమిటీ వస్తోందంటే మాత్రం ఇంజనుకు కొత్త రంగు పడుతుంది.

ఈ సెమిస్టర్ నాకు థర్మోడైనమిక్స్ ఇవ్వలేదు, పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష చెప్పమన్నారు. రాత్రి నేర్చుకుని పొద్దున చెబుతున్నాను. వేసవిలో అడ్మిషన్ల టార్గెట్ టెన్షన్ వేరే. మెకానికల్‌లో పిల్లలు చేరకపోతే మేమేం చేస్తామంటాయి యాజమాన్యాలు. అందులో నిజం లేకపోలేదు. ప్రమాణాలు అందుకున్న కాలేజీల్లో సీట్ల గరిష్ఠ పరిమితిని 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ తీసేశాక, అందరి చూపూ కంప్యూటర్ సైన్సు మీదే. మరి పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు, విశాఖలో షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు ఉన్న రాష్ట్రంలో మెకానికల్ పాఠం ఎవరు చెప్పాలి?

నేనడిగేవి పెద్ద కోరికలేం కావు. కమిటీలను చెప్పకుండా పంపండి. అందులో ఒక్కరైనా ఆ బ్రాంచి మనిషి ఉండాలి. ఫైళ్లు తర్వాత చూడొచ్చు, ముందు ఇంజను స్టార్ట్ చేయించమనండి. ఈ సారు మీకు ఏ సబ్జెక్టు చెబుతున్నారని పిల్లల్నే అడగమనండి. స్మోక్ మీటర్లు, గ్యాస్ అనలైజర్లు ఉన్న ప్రభుత్వ యూనివర్సిటీ ల్యాబుల్లో ప్రైవేటు కాలేజీల రీసెర్చ్ స్కాలర్లకు శనివారాలు చోటిప్పించండి. డీజిల్ మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఓ మెకానికల్ లెక్చరర్