లాభం అంకెతో పాటు బాకీల అంకె కూడా వెయ్యండి

సంపాదకులకు నమస్కారం.

ఫలితాల సీజన్ వచ్చిందంటే మీ బిజినెస్ పేజీలో ఆటో విడిభాగాల కంపెనీల వార్తలు ఒకే మూసలో వస్తున్నాయి. అమ్మకాలు ఇంత శాతం పెరిగాయి, నికర లాభం ఇంత, డివిడెండ్ ఇంత, యాజమాన్యం సంతోషం వ్యక్తం చేసింది, అంతే. ఆ లాభం ఏ లెక్కల పద్ధతిలో వచ్చిందో, సరుకు ఇచ్చిన చిన్నవాళ్లకి ఇంకా ఎంత కట్టాలో ఒక్క ముక్క ఉండదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో చిన్న యూనిట్లకి అకౌంట్స్ రాస్తాను. లేత్ పని చేసేవాళ్లు, పిన్నులు బుష్‌లు తయారు చేసేవాళ్లు, చిన్న చిన్న ప్రెస్ షాపులు. వీళ్లలో కొందరి సరుకు పెద్ద విడిభాగాల కంపెనీకి వెళ్తుంది, అక్కణ్ణుంచి బండ్లు తయారు చేసే కంపెనీకి వెళ్తుంది. కాబట్టి ఆ పెద్ద కంపెనీ బ్యాలెన్స్ షీట్ మాకు షేర్ మార్కెట్ కబురు కాదు, మా ఊళ్లో జీతాలు పడతాయా లేదా అనే సంగతి.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం (ఎంఎస్‌ఎంఈడీ చట్టం) 2006లోనే వచ్చింది. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో సూక్ష్మ, చిన్న సంస్థలకి డబ్బు కట్టాలి. కట్టకపోతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆ బాకీ ఎంత, వడ్డీ ఎంత అన్నది కొనేవాళ్లు తమ వార్షిక లెక్కల్లో చూపించి తీరాలని అదే చట్టంలో ఉంది. 2021లో, లెక్కలు ఏ నమూనాలో చూపించాలో చెప్పే కంపెనీల చట్టం షెడ్యూల్ 3ని సవరించి, బాకీలు ఎంత పాతవో చూపించే పట్టిక కూడా పెట్టించారు. వినడానికి బాగానే ఉంది కదా, కానీ ఆ పట్టికలో మొదటి గడి 'ఏడాది లోపు'. అంటే 46వ రోజున ఉన్న బాకీ, 11 నెలలుగా ఉన్న బాకీ ఒకే గడిలో పడతాయి. చూసేవాడికి ఏ గొడవా కనపడదు.

ఇక వడ్డీ దగ్గరికి వద్దాం. చాలా నివేదికల్లో చిన్న సంస్థలకి ఇవ్వాల్సిన వడ్డీ అనే చోట సున్నా ఉంటుంది, కింద 'కంపెనీ వద్ద ఉన్న సమాచారం మేరకు' అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం వెనకాల ఏం జరుగుతుందో చెప్తాను. వెండర్‌గా (సరుకు ఇచ్చేవాళ్లుగా) నమోదు చేసుకునేటప్పుడు, మనది చిన్న సంస్థ అని చూపే ప్రభుత్వ ఉద్యమ్ సర్టిఫికెట్ ఇచ్చినా, అవతల సిస్టమ్‌లో చిన్న సంస్థ అని టిక్ పెట్టకపోతే మన బాకీ 'ఇతరులు' అనే వరసలోకి పోతుంది. అక్కడ 45 రోజుల లెక్క ఎవరూ చూడరు, వడ్డీ ఎవరూ కట్టరు. ఒకవేళ టిక్ పెట్టినా వడ్డీ అడిగే ధైర్యం మావాళ్లలో ఎవరికుంది? అడిగితే వచ్చే నెల పర్చేజ్ ఆర్డర్ రాదని భయం. అడగకపోయినా చట్టప్రకారం ఆ వడ్డీ బాకీయే, అది ఖర్చులో రాయకపోతే అంతమేరకు లాభం ఎక్కువ కనపడుతుంది. మీరు పేజీలో పెద్ద అక్షరాలతో వేసే లాభంలో ఆ భాగం కూడా ఉండొచ్చు, అదీ నా బాధ.

దగ్గర్నుంచి చూసిన ఒక సంగతి చెప్తాను, కంపెనీ పేరు అక్కర్లేదు. మాకు తెలిసిన ఒక యూనిట్ మార్చి నెలాఖరుకి బిల్లులన్నీ పూర్తి చేసి, ఆ అమ్మకాల మీద జీఎస్టీ ఏప్రిల్‌లో కట్టేసింది. డబ్బు వచ్చినా రాకపోయినా జీఎస్టీ ఆగదు కదా. తర్వాత అవతలి కంపెనీ నుంచి డెబిట్ నోట్ (మీ బిల్లులో ఇంత కోత పెట్టామని చెప్పే కాగితం) వచ్చింది, తేదీ మాత్రం మార్చి 31. కారణం అనే చోట 'రేటు తేడా' అని రెండే మాటలు. ఏ ఐటమ్‌కి, ఏ నెల నుంచి, ఎంత తగ్గించారు అన్నది లేదు. యజమాని ఆ కాగితం పట్టుకుని నా టేబుల్ దగ్గర కూర్చున్నాడు. ఆ మేరకు బిల్లు తగ్గించే క్రెడిట్ నోట్ ఇచ్చి జీఎస్టీ సర్దుకోవచ్చు, దానికి దారి ఉంది. కానీ పోయిన డబ్బు సంగతి? ఆ ఏడాది ఆ యూనిట్‌కి మిగిలిందే అంత. ఆ డెబిట్ నోట్ అవతల పుస్తకాల్లో ముడిసరుకు ఖర్చు తగ్గినట్టు, మార్జిన్ మెరుగైనట్టు కనపడుతుంది.

ఇదే రేటు తేడా పైవైపు కూడా నడుస్తుంది. స్టీలు ధర పెరిగితే బండ్ల కంపెనీ విడిభాగాల కంపెనీకి ఎప్పుడో వెనకటి తేదీ నుంచి రేటు పెంచి ఇస్తుంది. ఆ పెంపు ఇంకా ఖరారు కాకముందే అమ్మకాల్లో ఎంత రాసుకోవచ్చు? 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 115 అనే లెక్కల ప్రమాణం ప్రకారం, తర్వాత పెద్ద మొత్తంలో వెనక్కి తీసుకోవాల్సిన పరిస్థితి రాదని గట్టి నమ్మకం ఉన్నంతవరకే రాసుకోవాలి. ఆ నమ్మకం ఎంత అన్నది యాజమాన్యం అంచనా. ఒక కంపెనీ ధైర్యంగా ముందే రాసేస్తుంది, ఇంకోటి ఆగుతుంది. రెండు లాభాలనీ పక్కపక్కన పెట్టి ఫలానా కంపెనీ మెరుగు అని రాసేముందు అకౌంటింగ్ పాలసీ పేజీ ఒకసారి తిప్పి చూడాలి కదా. టర్నోవర్ కూడా అంతే. బండ్ల కంపెనీయే స్టీలు ఇచ్చి పని చేయించుకుంటే, ఆ స్టీలు విలువ కూడా కలిపి అమ్మకాలుగా చూపించారా, కూలి మాత్రమే చూపించారా అన్నదాన్ని బట్టి టర్నోవర్ ఎన్నో రెట్లు మారిపోతుంది.

స్టాక్ (గోడౌన్లో మిగిలిన సరుకు) సంగతి కూడా చూడండి. కొన్న ధర, అమ్మితే వచ్చే ధర, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే లెక్కలో వెయ్యాలన్నది పాత నియమమే. 2020 ఏప్రిల్ 1న బండ్ల పొగ మీద బీఎస్ 6 ప్రమాణం వచ్చింది, బీఎస్ 4 బండ్ల తయారీ ఆగిపోయింది. ఆ ఇంజిన్‌కి మాత్రమే సరిపోయే భాగాలు గోడౌన్లో మిగిలితే రిపేర్లకి కొన్ని పోతాయి, మిగతావి తుక్కు ధరకే పోతాయి. వాటిని కొన్న ధరకే ఏళ్ల తరబడి మోసుకొస్తే ఆస్తి ఉన్నట్టే కనపడుతుంది. చిన్న కంపెనీలే లెక్కల్లో ఇలాంటి పనులు చేస్తాయని ఎవరూ అనుకోవద్దు. అమెరికాలో డెల్ఫై అంటే అప్పట్లో ప్రపంచంలోనే పెద్ద విడిభాగాల కంపెనీల్లో ఒకటి. 2000 సంవత్సరం చివర్లో తన స్టాక్‌ని అమ్మినట్టు చూపించి, తర్వాత తనే తిరిగి కొనుక్కునేలా ముందే ఒప్పందం చేసుకుంది. దీనితో పాటు ఇంకొన్ని లెక్కల మీద కూడా అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2006లో కేసు పెట్టింది. 2025 సెప్టెంబరులో ఫస్ట్ బ్రాండ్స్ అనే ఇంకో అమెరికా కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. వైపర్లు, ఫిల్టర్లు, బ్రేకు భాగాలు అమ్మే కంపెనీ. ఒకే బిల్లుల మీద ఒకటికి మించి చోట్ల అప్పు తెచ్చిందా అన్నది అక్కడ పెద్ద వివాదమైంది. వసూలు కావాల్సిన బిల్లుల మీద ఎంత డబ్బు తెచ్చారు, అది అప్పుగా చూపించారా లేదా అన్నది ముందే ఎవరైనా గట్టిగా అడిగి ఉండాల్సింది.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడిగేది పెద్ద పనేం కాదు. ఇప్పుడు కంపెనీలు క్యూఆర్ కోడ్, వెబ్‌సైట్ లింకు ఇచ్చే ప్రకటన వేస్తే చాలు, ఫలితాలన్నీ పేపర్లో అచ్చు వెయ్యాల్సిన పని లేదని మన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వెసులుబాటు ఇచ్చింది. ఫోన్లో ఆ కోడ్ కొట్టి, ఇంగ్లిషులో ఉన్న పేజీలన్నీ తిరగేసి, సూక్ష్మ, చిన్న సంస్థల బాకీల వరస పట్టుకునే ఓపిక, తీరిక లేత్ దగ్గర నిలబడ్డ మనిషికి ఎక్కడివి? అందుకే ఆ పని మీ విలేకరులు చెయ్యాలి. మూడు నెలల ఫలితాల్లో నోట్స్ అన్నీ ఉండవు, నిజమే. కానీ సెప్టెంబరు, మార్చి ఫలితాలతో పాటు ఆస్తి అప్పుల పట్టిక వస్తుంది, అందులో చిన్న సంస్థల బాకీ విడిగా ఉంటుంది. వార్షిక నివేదికలో వడ్డీ వివరం, స్టాక్ పాలసీ, వారంటీకి పక్కన పెట్టిన డబ్బు అన్నీ ఉంటాయి. లాభం అంకె వేసిన చోటే ఇంకో నాలుగు లైన్లు వెయ్యండి: చిన్న సంస్థల బాకీ పోయినేడాది కంటే పెరిగిందా తగ్గిందా, వడ్డీ ఎంత చూపించారు, స్టాక్ అమ్మకాల కంటే వేగంగా పెరుగుతోందా, ఈ ఏడాది లెక్కల పద్ధతి ఏమైనా మార్చారా. ఆడిటర్ నివేదికలో ఏదైనా అభ్యంతరం ఉంటే అది లాభం కంటే పైన వెయ్యండి.

ఆటోనగర్ యూనిట్ల వాళ్లకి కూడా ఒక మాట. ప్రతి ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబరు, సూక్ష్మమా చిన్నదా అన్నది ముద్రించండి, ఏటా ఏప్రిల్‌లో ఆ సర్టిఫికెట్ మళ్లీ ఈమెయిల్‌లో పంపి ఆ మెయిల్ దాచుకోండి. మా దగ్గర సమాచారం లేదు అనే మాట అప్పుడు చెల్లదు. స్పేర్ పార్టులు కొని అమ్మే షాపులకి ఈ 45 రోజుల రక్షణ లేదు, తయారీ, సర్వీసు యూనిట్లకే ఉంది, అది కూడా గమనించుకోండి.

ఇట్లు,
ఒక అకౌంటెంట్,
ఆటోనగర్, విజయవాడ